కిన్నెరసాని ఒడ్డున లాభనష్టములు

పాల్వంచకు సమీపమున, యానంబైలువద్ద కిన్నెరసాని యేటికి అడ్డముగా కట్టిన ఆనకట్ట మొదట పొలములకు నీరు పారించుటకు పుట్టినది కాదు. బొగ్గును కాల్చి విద్యుచ్ఛక్తిని ఉత్పత్తి చేయు కొత్తగూడెము తాప విద్యుత్ కేంద్రమునకు, అనగా ఈ ప్రాంతమున పిన్నలు పెద్దలు కేటీపీఎస్ అని పిలుచుకొను కర్మాగారమునకు, నిరంతరాయముగా నీటిని సమకూర్చుటకు పుట్టినది. ఆ కేంద్రమున మొదటి యూనిట్టు 1966లో తిరుగనారంభించినది. విశ్వనాథ సత్యనారాయణగారి చేతిలో కావ్యనాయిక యైన యేరు ఇంజనీర్ల చేతిలో 407 అడుగుల పూర్తిమట్టముగల, 8.4 టీఎంసీల నీరు పట్టు జలాశయమైనది. వానకాలమున నీరు ఆ మట్టమునకు చేరవచ్చినప్పుడు గేట్లెత్తు బాధ్యత నేటికిని విద్యుత్ సంస్థవారిదే. అట్టి జలాశయమే కొలది కాలములో ఒక అభయారణ్యమునకు హృదయస్థానమైనది. 1977లో దానిని ఆనుకొనిన సుమారు 635 చదరపు కిలోమీటర్ల అడవిని కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. టర్బైనుల కొరకు నిలిపిన నీటిలో మొసళ్లు కాపురము పెట్టినవి; దుప్పులు, కణుజులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు వేసవిలో వాగులెండిపోయిన తరువాత ఆ నీటినే నమ్ముకొన్నవి.

ఈ చరిత్రను చూపి, పెద్ద నిర్మాణములవలన అడవికి చేటు కలుగుననుట వట్టి భయమని వాదించుట కష్టము కాదు. ఆ వాదములో సగము సత్యము కలదు. తక్కిన సగము నీటి అడుగున నున్నది. ఏటియొడ్డు అడవి గుట్టమీది అడవివంటిది కాదు; తెల్లమద్ది, నేరేడు, కానుగ వేళ్లు తడిలోనికి దిగి పెరుగుచోటది; పారునీటిలో గులకరాళ్ల నడుమ బ్రతుకు చేపలు నిలువనీటి చేపలు కావు; ఎండకాలమున చల్లదనముకొరకు పక్షులు, జంతువులు, మనుష్యులు చేరు నీడపట్టు అది. జలాశయము నిండినప్పుడు ఆ లోయలో ఏ జాతులు మునిగినవో ముందుగా వ్రాసి పెట్టవలెనను నియమము ఆనాడు లేదు. కనుక కిన్నెరసానిలో మొసలికి కలిగిన లాభమును మనము కన్నులార చూడగలుగుచున్నాము గాని, ఏమి పోయినదో చెప్పలేము. ఖాతాపుస్తకములో జమ కనబడుచున్నది, ఖర్చు పుట తెల్లగానున్నది. అదృష్టవశమున కలిగిన మేలును ప్రణాళిక యనరాదు. గడ్డపార దిగుటకు ముందే అచటి జీవరాశిని లెక్కించి, ఆనకట్టయో కాలువయో రహదారియో గనియో పూర్తియగునాటికి ఆ నేలమీద మునుపటికంటె కొంత యెక్కువ జీవసంపద యుండునట్లు నిర్మాణమునే రూపొందించుట ప్రణాళిక. దీనినే నేడు పండితులు జీవవైవిధ్య లాభ ప్రణాళిక యనుచున్నారు.

ఈ భావము ఒక్కనాట పుట్టలేదు. అమెరికాలో బాడవ నేలలను పూడ్చి కట్టడములు లేపుట మితిమీరినప్పుడు, 1980ల చివరి సంవత్సరములలో అచటి ప్రభుత్వము మొత్తముమీద నష్టము లేకుండుటను లక్ష్యముగా పెట్టుకొన్నది: ఒకచోట బాడవను పూడ్చినవాడు వేరొకచోట బాడవను పునరుద్ధరింపవలెను. కాలక్రమమున, నష్టము లేకుండుట చాలదు, కొంత లాభము కూడ చూపవలెనను వాదము బలపడినది. ప్రపంచబ్యాంకు కుటుంబమునకు చెందిన అంతర్జాతీయ ద్రవ్య కార్పొరేషను 2012 నుండి, అత్యంత విలువైన ఆవాసములలో తన అప్పుతో కట్టు ప్రాజెక్టులు అచటి జీవవైవిధ్యమునకు నికరముగా లాభము చేకూర్పవలెనని నియమము పెట్టినది. ఇంగ్లండులో 2021 నాటి పర్యావరణ చట్టము ననుసరించి, 2024 ఫిబ్రవరి 12 నుండి పెద్ద కట్టడములకు అనుమతి కోరువారు మునుపున్న జీవసంపదకంటె కనీసము నూటికి పదివంతులు అధికముగా చూపవలెననియు, దానిని ముప్పదియేండ్లు కాపాడవలెననియు శాసించిరి. పదివంతులు చాలునా చాలదా యనునది అచటనే వివాదము. నాకు ఆ ముప్పదియేండ్ల షరతే ముఖ్యముగా తోచుచున్నది. మన దేశమున నాటిన మొక్కకు మొదటి వానకాలము దాటిన తరువాత కూడ అడుగువాడున్నచో, ఆ ఒక్క మార్పే పెద్ద సంస్కరణ యగును.

లాభమును దేనితో కొలుతురని పాఠకుడు అడుగవచ్చును; జీవరాశి బొగ్గువలె టన్నులకు లొంగునది కాదు గదా. ఇంగ్లండువారి పద్ధతిలో ముందుగా నేలను ఆవాసములుగా విభజింతురు: ఇది పాత అడవి, ఇది పచ్చిక, ఇది చెలమ, ఇది బీడు. ఒక్కొక్కదాని విస్తీర్ణమును, అది ఎంత అరుదైనదియు విశిష్టమైనదియు నను మార్కుతోను, ఎంత ఆరోగ్యముగా నున్నదను మార్కుతోను, ఆ ప్రాంతమున దాని స్థానమెంత కీలకమను మార్కుతోను హెచ్చింపగా వచ్చు సంఖ్యయే ఆ నేల విలువ. క్రొత్తగా సృష్టింపదలచిన ఆవాసమునకును అట్లే లెక్క వేయుదురు గాని, అది కుదురుకొనుటకు పట్టు కాలమునుబట్టియు, కుదురుకొనకపోవు ప్రమాదమునుబట్టియు కొంత కోత విధింతురు. ఈ చివరి కోతయందే పద్ధతి యొక్క బుద్ధిమత్త యున్నది. రేపటి అడవి నేటి అడవితో సమానము కాదని లెక్కల పుస్తకమే ఒప్పుకొనుచున్నది. ఏ సంఖ్యయు అడవిని పూర్తిగా పట్టుకొనలేదు. అయినను సంఖ్య యేదియు లేనిచోట కాంట్రాక్టరు సంఖ్యయే చెల్లును.

మన దేశమునకు ఈ విషయమున చట్టములు కొరవడలేదు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టము, 1980లో అటవీ పరిరక్షణ చట్టము, 2002లో జీవవైవిధ్య చట్టము వచ్చినవి. 1994లో మొదలైన పర్యావరణ ప్రభావ అంచనా విధానమును 2006 సెప్టెంబరు ప్రకటనతో మార్చి విస్తరించిరి. జీవవైవిధ్య ఒప్పందముపై సంతకము చేసిన దేశముల పదునొకండవ మహాసభ 2012 అక్టోబరులో మన హైదరాబాదులోనే జరిగినది. ఇన్నియున్నను, ఒక ప్రాజెక్టు ముగియునాటికి ఆ ప్రదేశమున జీవవైవిధ్యము పెరిగినదని నిరూపింపుమని మన చట్టములలో ఏదియు స్పష్టముగా అడుగదు. అడవి ఎన్ని హెక్టార్లు పోయినదో, దానికి బదులు ఎన్ని హెక్టార్లలో మొక్కలు నాటిరో, ఎంత సొమ్ము కట్టిరో అడుగును. ప్రశ్న ఎట్లుండునో జవాబును అట్లే యుండును.

నిపుణులు ఈ పనికి ఒక వరుస చెప్పుదురు. మొదట నష్టమును తప్పించుకొనవలెను; తప్పనిదానిని తగ్గింపవలెను; చెడినదానిని అక్కడనే బాగుచేయవలెను; అప్పటికిని మిగిలిన నష్టమునకే మరియొకచోట పూర్తి చేయవలెను. ఆచరణలో ఈ వరుస తలక్రిందులగుచుండును. ప్రాజెక్టు గీతలు కాగితముమీద ఖాయమైన పిమ్మట అడవిశాఖకు కబురు వచ్చును. అప్పుడిక చివరి మెట్టే మిగులును. మొదటి మెట్టు ఎంత ముఖ్యమో చూచుటకు పాల్వంచ దాటి పోనక్కరలేదు. 2018 డిసెంబరులో ఉత్పత్తి ప్రారంభించిన కేటీపీఎస్ ఏడవ దశ 800 మెగావాట్ల యూనిట్టు, అంతకు పూర్వమేయున్న కర్మాగార ప్రాంగణమునందే లేచినది. రైలుమార్గము, నీటి గొట్టములు, విద్యుత్ తీగలు ముందే యున్నచోట కట్టినచో ఖర్చు తగ్గునని చూచుకొనియే అట్లు చేసియుండవచ్చును. ఉద్దేశము ఏదైనను, క్రొత్త అడవిని అడుగని నిర్మాణము అడవికి చేసినంత ఉపకారము ఏ మొక్కల పండుగయు చేయలేదు.

ఆ ప్రాంగణమునకే చెందిన మరియొక సంగతిని ఇచట చెప్పవలెను. అరువది మెగావాట్లవి నాలుగు, నూటయిరువది మెగావాట్లవి నాలుగు, వెరసి 720 మెగావాట్ల పాత యూనిట్లకు కాలము చెల్లగా, వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న పేలుడు పదార్థములతో కూల్చివేసిరి. అర్ధశతాబ్దము పైగా పాల్వంచ ఆకాశమును ఆక్రమించిన ఆ బురుజులు కొలది క్షణములలో నేలమట్టమగుటను జనులు ఫోనులలో బంధించి ఊరూర పంపుకొనిరి. దృశ్యము సరే, ఇకముందు ఈ జిల్లాలో ఏ పరిశ్రమకైనను, సౌరఫలకములకైనను, గిడ్డంగికైనను భూమి కావలసినప్పుడు మొట్టమొదట చూడవలసినవి ఇట్టి వాడిన నేలలే. ఒకసారి చెడిన నేల ఉండగా చెడని నేలను కోరుట ఏ శాస్త్రమును ఒప్పదు.

రెండవ మెట్టునకు, అనగా నష్టమును తగ్గించుటకు, సీతారామ ఎత్తిపోతల పథకమును మించిన పాఠము ఈ ప్రాంతమున లేదు. 2016 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగిన ఈ పథకము, పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయులు పడవల ప్రయాణము కొరకు గోదావరిమీద కట్టిన దుమ్ముగూడెము ఆనకట్ట ఎగువనుండి నీటిని తోడుకొని, అశ్వాపురము మండలము నుండి అడవుల మీదుగా ములకలపల్లి వైపు సాగి, ఉమ్మడి ఖమ్మము జిల్లా మెట్టపొలములకు అందింపవలెనని సంకల్పించినది. దీని పంపుహౌసులలో ఒకటైన పూసుగూడెమును 2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించిరి. ఈ పథకమునకై మళ్లించిన అడవి పదునైదువందల హెక్టార్లకు పైమాటే. ఎండిన చెరువుల క్రింద మొగము వాచి కూర్చున్న రైతునకు ఆ నీరు అక్కరలేదని చెప్పు సాహసము నాకు లేదు. చెప్పవలసిన పనియు లేదు. చెప్పవలసినది కాలువ స్వభావమును గూర్చి.

జలాశయము అడవిని ఒకచోట ముంచును. కాలువ అడవిని రెండుగా చీల్చును. హెక్టార్ల లెక్కలో కాలువ సన్నని గీత. గుట్టమీదనుండి వాగుకు దిగు దుప్పి మందకు అది గోడ. సిమెంటు లైనింగు చేసిన వాలుమీద గిట్ట నిలువదు. నీటికొరకు దిగిన జంతువు జారిపడినచో ఎక్కివచ్చుటకు పట్టు దొరకదు, ప్రవాహముతో పాటు తరువాతి కట్టడము దాక కొట్టుకొనిపోవలసినదే. తాబేలు, ఉడుము, కప్ప వంటి చిన్న ప్రాణులకు ఆ ప్రయాణమే అంతము. అయితే ఇంజనీర్ల నిఘంటువులోనే దీనికి మందు కలదు. కాలువ వాగును దాటవలసినచోట అక్విడెక్టు కట్టుదురు. వాగును కాలువ క్రిందుగా పంపవలసినచోట అండర్ టన్నెల్ పెట్టుదురు. వాగు కాలువమీదుగా పోవలసినచోట సూపర్ పాసేజి నిర్మింతురు. ఇవన్నియు నీటికొరకు గీసిన గీతలు. అండర్ టన్నెలును వాననీటికి కావలసిన వెడల్పుకంటె మరికొంత పెంచి, అడుగున ఒకప్రక్క పొడిగా మట్టి నిలుచునట్లు చేసి, రెండు కొనలయందు పొదలను బ్రతుకనిచ్చినచో, ఎండాకాలమంతయు అది మృగముల దారియగును. ఊరివారి ట్రాక్టరు దాటుటకు వంతెన కట్టువారు, అడవిలో రెండుమూడు చోట్ల వంతెన మీద మట్టి పోసి గడ్డి పెంచినచో కణుజును దాటగలదు. కొన్ని వందల మీటర్ల కొకచోట లైనింగును గరుకుగా మెట్లు మెట్లుగా వదలినచో పడిన ప్రాణి ఎక్కిరాగలదు. ఇవి కలలు కావు. హైదరాబాదు మీదుగా పోవు 44వ జాతీయ రహదారియే నాగపూరునకు ఉత్తరమున పెంచ్ పులుల అడవిని దాటుచోట, యాభై మీటర్లు మొదలుకొని 750 మీటర్ల వెడల్పు వరకు తొమ్మిది మార్గములను రోడ్డు క్రింద వదలిరి; భారత వన్యప్రాణి సంస్థవారు 2019లో అమర్చిన కెమెరాలలో పులులతో సహా పదునెనిమిది జాతుల జంతువులు వాటిగుండ నడచిన ఛాయాచిత్రములు దొరికినవి. న్యాయస్థానముల జోక్యముతో, ఎన్నో ఏండ్ల వాదోపవాదముల పిమ్మట వచ్చిన మార్గములవి. గీతలు గీయునాడే అనుకొనియుండినచో వాదమునకు పట్టిన కాలములో సగము మిగిలెడిది.

మూడవ మెట్టు, చెడినచోటనే బాగుచేయుట, సింగరేణి ఓపెన్ కాస్టు గనులవద్ద ప్రతిదినము కనబడు ప్రశ్న. మణుగూరు, కోయగూడెము ప్రాంతములలో బొగ్గుపొరకు చేరుటకై తీసిపోసిన మట్టి, రాయి గుట్టలై నిలుచును. కార్మికులు వాటిని ఓబీ యనుచుందురు. వాటిమీద మొక్కలు నాటుట జరుగుచునే యున్నది. కాని అడవి బ్రతుకు పైనున్న అడుగు మందము మట్టిలో, అనగా విత్తనములు, శిలీంధ్రములు, చెదలు, వానపాములు నిండిన నల్లని పొరలో నుండును. ఆ పొరను మొదటనే వేరుగా తీసి భద్రపరచి, చివర గుట్టకు పైకప్పుగా పరచినచో అడవి కొంతవరకు తనంత తాను తిరిగి లేచును; రాతిపొడితో కలిపి అడుగున పూడ్చినచో, ఎంత నీరు పోసినను లేచునది తోట.

ఇక నాలుగవ మెట్టు. మన దేశమున అన్ని దారులును ఇక్కడికే చేరుచున్నవి. అడవిని మళ్లించుకొను సంస్థ, ప్రత్యామ్నాయముగా అంతే విస్తీర్ణముగల అడవి కాని నేలను ఇచ్చియో, కొన్ని సందర్భములలో రెండింతల క్షీణించిన అడవిని ఎంచుకొనియో, మొక్కల పెంపకమునకు సొమ్ము కట్టవలెను. దానితోపాటు అడవి చేయు సేవలకు నికర ప్రస్తుత విలువ చెల్లింపవలెను. సుప్రీంకోర్టు 2008లో ఖాయపరచిన ధరలలో అది హెక్టారునకు 4.38 లక్షల రూపాయలు మొదలుకొని 10.43 లక్షల వరకు నుండెను. అభయారణ్యమైనచో దానికి ఐదింతలు, జాతీయవనమైనచో పదింతలు. ఆ ధరలను 2022లో పెంచిరి. ఇట్లు పోగైన ధనము ఏండ్ల తరబడి ఢిల్లీలో మూలుగగా, 2016లో ప్రత్యేక చట్టము చేసి, 2019 ఆగస్టులో రాష్ట్రములకు పంచినప్పుడు తెలంగాణమునకు వచ్చినది సుమారు 3,110 కోట్లు. కంపా నిధులని పత్రికలలో చదువునది ఈ సొమ్మునే. సొమ్ము తక్కువ కాదు. పోయిన దానికిని వచ్చినదానికిని పోలిక చూచువారే తక్కువ. పాడిగేదెను తోలుకొనిపోయినవాడు, బదులుగా పదిదూడలను ఇచ్చితిననియు, అవి ఎక్కడనో మేయుచున్నవనియు చెప్పినచో ఇల్లాలు ఊరకుండునా?

పాల్వంచ చుట్టుపట్ల ఈ వ్యత్యాసమును కంటితో చూడవచ్చును. కొత్తగూడెము దారిలోను, సత్తుపల్లి వైపునను అడవియని దూరమునుండి భ్రమపెట్టునవి పెక్కు జామాయిల్ తోటలు. వరుసలు తప్పని బోదెలు, వాటి క్రింద ఎండిన ఆకులు, మధ్యాహ్నమున కూడ పిట్ట కూత అరుదు. జామాయిలును నిందించుట నా ఉద్దేశము కాదు. కాగితమునకు కలప కావలెను, రైతునకు రొక్కము కావలెను, ఆ చెట్టు రెండును ఇచ్చుచున్నది. దానిని అడవి ఖాతాలో వ్రాయుటయే తప్పు. ప్రక్కనే గుట్టమీద ఒక పాత ఇప్పచెట్టునొద్ద చైత్రమాసపు తెల్లవారుజామున నిలుచున్నచో తేడా తెలియును. రాత్రియంతయు గబ్బిలములు పూలగుత్తులను ఆశ్రయించి పరాగమును చెట్టునుండి చెట్టునకు మోసినవి. తెల్లవారునప్పటికి పాలవన్నె గల, కండపట్టిన పూరేకులు నేలను కప్పును. ఎలుగుబంటి వచ్చి తిన్న జాడ ఒకప్రక్క. దుప్పి గిట్టల గుర్తులు మరొకప్రక్క. ఎండ ముదురక ముందే కోయ స్త్రీలు గంపలతో వచ్చి ఏరుకొందురు, ఇంటిముంగిట ఎండబెట్టి దాచుకొందురు. తరువాత కాయలు పండగా గింజలనుండి నూనె తీయుదురు. చెట్టు ముదిరినకొలది బోదెలో తొర్రలు పడును. వాటిలో చిలుకలు, గుడ్లగూబలు, ఉడుములు, తేనెటీగలు. నాటిన ఇప్పమొక్క పూతకు వచ్చుటకే సుమారు పదేండ్లు పట్టును, తొర్రలు పడుటకు ఒక మనిషి జీవితకాలము చాలదు. అట్టి చెట్టొకటి కాలువకు అడ్డము వచ్చినదని కొట్టి, బదులుగా పదిమొక్కలు నాటితిమని నమోదు చేసినప్పుడు, ఆ నమోదులో గబ్బిలమునకు గాని, ఎలుగునకు గాని, గంపకు గాని గడి లేదు.

గోదావరి దిగువన పోలవరము ఇంకను పెద్ద లెక్క. ఆ జలాశయము కొరకు మళ్లించిన అడవి 3,731 హెక్టార్లు. పాపికొండల జాతీయవనము దాని అంచులనే యున్నది. 2014లో ఖమ్మము జిల్లాకు చెందిన ముంపు మండలములను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినందున, భద్రాచలము చుట్టునున్న ఒకే అడవికి నేడు రెండు రాష్ట్రముల అధికారులు, రెండు పటములు. నది గట్టుననున్న అడవి మునుగగా దానికి బదులు ఏ మెట్టనేలయందో మొక్కలు నాటినంత మాత్రమున సరిపోదు. గట్టు అడవికి గట్టు అడవియే బదులు. రాష్ట్రముల సరిహద్దు వన్యమృగములకు తెలియదు గనుక లెక్కయు ఆ సరిహద్దువద్ద ఆగరాదు. ఈ చిన్నమాటను ఇరుప్రభుత్వములు ఒప్పుకొనుటకు ఎంత కాలము పట్టునో!

అడవిని గూర్చి వ్రాయుచు అడవిలోని మనుష్యులను మరచినచో ఆ వ్రాత అబద్ధమగును. ప్రత్యామ్నాయ మొక్కలకు ఖాళీ నేల కావలెనన్నప్పుడు పటముమీద ఖాళీగా కనబడునది తరచుగా పోడు భూమి. అది ఎవరికో జొన్నచేను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, అంతకు పూర్వము 1996 నాటి పెసా చట్టము గ్రామసభకు మాట చెప్పు అధికారమిచ్చినవి. మాటను అడుగువారే అరుదు. ఈ జిల్లాలోనే చంద్రుగొండ మండలమున 2022 నవంబరులో, అడవిశాఖ నాటిన మొక్కల విషయమై రేగిన తగవులో విధినిర్వహణలో నున్న ఒక రేంజి అధికారి దారుణముగా హత్యకు గురియయ్యెను. ఆ ఘోరమును ఏ వాదమును సమర్థింపజాలదు. అయినను ఎక్కడనో మళ్లించిన అడవికి బదులు చూపవలసిన భారమును ఒక రేంజి అధికారి నెత్తిమీదను, ఒక గిరిజన గూడెము నెత్తిమీదను మోపి, వారిద్దరిని ఎదురెదురుగా నిలుపు విధానమును పునరాలోచింపక తప్పదు. ఏ గుట్టమీద ఏ చెట్టు మొలచునో, ఏ నెలలో ఏ మృగము ఏ దారిన దిగునో గూడెములోని పెద్దలకు తెలియును. జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థకును ఒక యాజమాన్య కమిటీయు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును ఉండవలెను. ఆ రిజిస్టరును పట్టణమునుండి వచ్చిన ఏజెన్సీచేత నింపించి బీరువాలో పెట్టక, ప్రాజెక్టు ఇంజనీరు మొదట తెరువవలసిన పుస్తకముగా చేసినచో, లాభ ప్రణాళికకు కావలసిన పునాది ఖర్చులేకుండ దొరుకును.

పునాది మాట వచ్చినది గనుక మరియొక చిక్కును చెప్పవలెను. తాప విద్యుత్ కేంద్రములవంటి పెక్కు ప్రాజెక్టులకు, వానకాలమును విడిచి, ఒక్క ఋతువులో సేకరించిన వివరములతో ప్రభావ అంచనా పూర్తి చేయు ఆచారము మన దేశమున స్థిరపడినది. గాలిలో దుమ్మును కొలుచుటకు అది చాలవచ్చును. ఈ అడవికి చాలదు. మాఘమాసమున పాల్వంచ అడవి ఆకు రాల్చి ఎండుకట్టెల గుంపువలె నుండును. అప్పుడు వచ్చి చూచినవాడు క్షీణించిన అడవియని వ్రాసిన, వాని కండ్లను తప్పుపట్టలేము. ఆషాఢమున వచ్చినచో ప్రతి గుంటలోను కప్పలు, ప్రతి బండసందున గడ్డిపూలు, కుళ్లిన బోదెలమీద పుట్టగొడుగులు, గుట్టవాలున వెదురు కొమ్ములు. తునికాకు వేసవిలో, ఉసిరి చలికాలములో, ఇప్ప వసంతములో. ఏడాది పొడుగునా చూడనివాడు వ్రాసిన మొదటి లెక్కయే తక్కువగా నుండును. మొదటి లెక్క తక్కువైనచో చివర లాభము చూపుట అతి సులభము. కాగితముమీద లాభము పుట్టించుటకు ఇంతకంటె తేలికయైన ఉపాయము లేదు గనుక, మోసమునకు తావిచ్చు మొదటి ద్వారము ఇదియే.

ఈ ద్వారమువద్ద కావలి కాయు అవకాశము సామాన్యునకు చట్టమే ఇచ్చినది. 2006 ప్రకటన ప్రకారము, ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలసిన ప్రాజెక్టులకు ఆ సభను గూర్చి కనీసము 30 రోజులు ముందుగా పత్రికలలో తెలుపవలెను. నివేదిక ప్రతిని కలెక్టరు కార్యాలయమున, జిల్లా పరిషత్తున చూడనియ్యవలెను. దాని సారాంశము తెలుగులో ఉండవలెను. సభలో ఎవరు అడిగిన ప్రశ్నయైనను, దానికి వచ్చిన జవాబును నమోదు చేసి పంపవలెను. మీ మండలములో అట్టి సభ జరుగనున్నదని తెలిసిననాడు, నష్టపరిహారమును, ఉద్యోగములను గూర్చి అడుగుడు, అది న్యాయమే. దానితోపాటు మరి మూడు ప్రశ్నలు అడిగి వ్రాయించుడు: ఈ నేలమీది జీవరాశిని ఏయే నెలలలో లెక్కించితిరి? ఇక్కడ పోవుదానికి బదులు అదే జాతి చెట్లను, అదే వాగు పరీవాహకములో ఎక్కడ పెంచెదరు? ముప్పదియేండ్ల దాక దానికి జవాబుదారి ఎవరు? జవాబులు చాలనిచో చాలలేదనియే వ్రాయించి, ఆ నమోదు ప్రతి నొకదానిని మీ గ్రామపంచాయతీలో దాచి యుంచుడు.